జలపాతపు నీరు – తేటదనం వేరు, శుద్ధి వేరు

వేసవి సెలవులు సమీపించగానే చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. “అయ్యా, పిల్లలను తీసుకొని జలపాతానికి వెళుతున్నాము. అడవి మూలికల మీదుగా పారి వచ్చే నీరు కదా, అందులో స్నానం చేస్తే ఒంటికి మంచిదేనా?” అని. కొన్నేళ్ళ క్రితం వరకు ఈ ప్రశ్నకు “నిస్సంకోచంగా చేయండి” అని బదులు చెప్పేవాడిని. ఇప్పుడు అలా చెప్పడం లేదు. ఎందుకు చెప్పడం లేదో పాఠకులకు సవిస్తరంగా మనవి చేయడం వైద్యునిగా నా బాధ్యత అనిపించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచుకుంటే వ్యాసానికి ప్రయోజనం లేదు.

అనూప దేశం – ఒక ఉదాహరణ

ఆయుర్వేదం భూమిని జాంగలం, అనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించినది. నీరు తక్కువగా ఉండి, గాలి, ఎండ ఎక్కువగా ఉన్నది జాంగలం. నీరు, చెట్లు, చెమ్మ ఎక్కువగా ఉండి వాతకఫాలను ప్రకోపింపజేసేది అనూపం. రెండు లక్షణాలూ సమంగా ఉన్నది సాధారణం. పుస్తకంలో వందసార్లు చదివిన అనూప దేశాన్ని నేను దాని పూర్ణరూపంలో చూసినది మా అమ్మాయి ఇంటికి హవాయి ద్వీపాలకు వెళ్ళినప్పుడు.

పసిఫిక్ మహాసముద్రం మధ్యలోని ఓహూ ద్వీపంలో హొనొలులు నగరం ఉన్నది. ఆ నగరం వెనుక కొండల మధ్య మనోవా అనే లోయ, ఆ లోయ చివర సుమారు 150 అడుగుల ఎత్తు నుండి పడే జలపాతం ఉన్నాయి. సముద్రం మీదుగా ఈశాన్యం నుండి వీచే గాలులు కొండలకు తగిలి పైకి లేచి చల్లబడి వర్షిస్తాయి. అందువల్ల లోయ పైభాగంలో సంవత్సరానికి 4,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. మన హైదరాబాదులో కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లే. విచిత్రమేమంటే, అదే ద్వీపంలో కొద్ది మైళ్ళ దూరాన ఉన్న వైకీకీ సముద్రతీరం పొడి ప్రదేశం. ఒకే ఊళ్ళో జాంగలమూ, అనూపమూ పక్కపక్కనే ఉన్నాయన్నమాట.

జలపాతానికి దారి ఒకవైపు 1.3 కిలోమీటర్లు మాత్రమే. కాని అది ఎక్కుడు దారి. రాళ్ళు, వేళ్ళు, బురద. అరవై దాటినవారు వ్యాయామంలో ‘అర్ధశక్తి’ సూత్రాన్ని మరువరాదు. నుదుట, ముక్కు మీద, కీళ్ళలో చెమట పట్టి, నోరు ఎండనారంభించినదంటే సగం బలం ఖర్చయినదని గుర్తు. అక్కడ ఆగి విశ్రమించవలెను. తిరిగి దిగడానికి మిగిలిన సగం కావలెను గదా!

దారిలో పరిచితులు

ఆ ద్వీపాలకు మొదట వచ్చిన పాలినీషియనులు తమ పడవలలో కొన్ని మొక్కలను వెంట తెచ్చుకున్నారు. వాటిలో సగం మన పెరటి మొక్కలే. వారి ప్రధానాహారమైన ‘కలో’ మన చేమదుంప. హవాయి వారి పురాణగాథలో చేమ మొక్క మానవజాతికి అగ్రజుడు. వారి ‘ఒలేనా’ మన పసుపు. ఇప్పుడు సీసాలలో అమ్ముతున్న ‘నోని’ మన తొగరు చెట్టు కాయ. దారి పక్కన అల్లపు జాతి మొక్క ఒకటి ఎర్రని పూగుత్తితో కనిపించినది. ఆ గుత్తిని పిండితే జిగురు వంటి రసం వస్తుంది. దానితో వారు తల రుద్దుకునేవారట. అరటి, కొబ్బరి, చెరకు సంగతి చెప్పనే అక్కరలేదు. పరాయి దేశంలో ఇందరు బంధువులు కనిపించేసరికి నా మనస్సు ఉప్పొంగిపోయినది.

అయితే ఒక సంగతి తరువాత తెలిసినది. ఆదిమకాలం నాటి అరణ్యంలా కనిపించే ఆ వనంలో అధికభాగం మనుషులు నాటినదే. పంతొమ్మిదవ శతాబ్దంలో పశువుల మేత వల్ల అక్కడి కొండలు బోడులైనాయి. చెరకు తోటలకు నీరు కావలసి వచ్చి, 1918లో తోటల యజమానుల సంఘం ఆ లోయలో వృక్షశాస్త్ర ఉద్యానం స్థాపించి, ఏ చెట్లు కొండను తిరిగి కప్పగలవో పరీక్షించినది. ఆ ఉద్యానం నేడు హవాయి విశ్వవిద్యాలయం అధీనంలో ఉన్నది. చూపుకు కనిపించేది ఒకటి, అసలు సంగతి మరొకటి. నీటి విషయంలోనూ ఇంతేనని ఆనాడు నాకు తోచలేదు.

నేను చేసిన పొరపాటు

దారి మొదట్లోనే ఒక హెచ్చరిక పలక ఉన్నది. మా అమ్మాయి దానిని చదివి, “నాన్నగారూ, ఇక్కడి ఏటి నీళ్ళలో దిగవద్దనీ, తాగవద్దనీ, నీళ్ళలో రోగక్రిములు ఉంటాయనీ వ్రాశారు” అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. ప్రతిదానికీ భయపడడం ఈ దేశస్థుల అలవాటు అనుకున్నాను.

జలపాతం చూసి దిగుతుండగా మా అల్లుడుగారు చెట్టు వేరు తగిలి జారిపడ్డారు. మోకాలి కింద చర్మం గీరుకుపోయి రక్తం చిమ్మినది. పక్కనే స్ఫటికంలా తేటగా ఏరు పారుతున్నది. “బాబూ, పారే నీటికి దోషం లేదు. ఆ ఏట్లో కడుక్కోండి” అన్నాను. పెద్దవాడిని, వైద్యుడిని చెప్పాను గనుక ఆయన మారు మాట్లాడక నీళ్ళలో దిగి, కాలు కడుక్కొని, ముఖం కూడా కడుక్కున్నారు. పదేళ్ళ మనవడు కూడా దిగబోతే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకొని ఆపినది. అది మా అదృష్టం.

తొమ్మిదవ రోజు అల్లుడుగారికి చలితో జ్వరం వచ్చినది. విపరీతమైన తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. మొన్నటి వానలో తడిసినందువల్ల వచ్చిన వాతశ్లేష్మ జ్వరమని భావించి లంఘనం పెట్టించి, తిప్పతీగ, సొంఠి కషాయం ఇచ్చాను. మరునాటికీ జ్వరం దిగలేదు. కాళ్ళు నొక్కుదామని పిక్కల మీద చెయ్యి వేస్తే, “మామయ్యగారూ, ముట్టుకోకండి!” అని కేక పెట్టారు. కళ్ళు చూస్తే పుసి లేదు, నీరు లేదు, కాని చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. మామూలు జలుబు జ్వరంలో పిక్కలు అలా ముట్టుకోనివ్వనంతగా నొప్పి పెట్టవు. నాకు భయం వేసినది. అప్పుడు మా అమ్మాయి ఆ పలక సంగతి గుర్తు చేసినది. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము.

అక్కడి వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న, “ఈ నెల రోజులలో ఏటిలోగాని, చెరువులోగాని దిగారా?” అని. అవునని చెప్పగానే రక్తం, మూత్రం పరీక్షకు పంపి, ఫలితం కోసం వేచి ఉండకుండా ఆ గంటలోనే మందు ప్రారంభించినది. మూత్రపిండాల మీద ఒత్తిడి మొదలైనట్లు పరీక్షలో తెలిసినది. తరువాత వచ్చిన ఫలితం వ్యాధిని నిర్ధారించినది: లెప్టోస్పైరోసిస్. మన వైపు ‘ఎలుక జ్వరం’ అంటారు. పది రోజులలో ఆయన కోలుకున్నారు. ఒక రోజు ఆలస్యమైనదంటే అందుకు కారణం నేను, నా కషాయం. ఈ మాట వ్రాయడానికి నాకు సిగ్గు లేదు. వ్రాయకపోతేనే సిగ్గు.

ఈ వ్యాధి ఎలా వస్తుంది?

లెప్టోస్పైరా అనేది మరచుట్టు వంటి ఆకారం గల అతి సూక్ష్మమైన క్రిమి. దీని వల్ల వచ్చే తీవ్రమైన కామెల జ్వరాన్ని 1886లో జర్మనీ వైద్యుడు అడాల్ఫ్ వీల్ వర్ణించారు. ఈ క్రిమి ఎలుక, పంది, కుక్క, పశువు మొదలైన జంతువుల మూత్రపిండాలలో నివసిస్తుంది. చాలాసార్లు ఆ జంతువుకు ఏ జబ్బూ ఉన్నట్లు కనిపించదు. మూత్రంతో పాటు బయటికి వచ్చి, తడినేలలో, మంచినీటిలో వారాల తరబడి బ్రతుకుతుంది. చర్మం మీది గాయం, నీటిలో నాని మెత్తబడిన చర్మం, కన్ను, ముక్కు, నోరు దీనికి ద్వారాలు.

హవాయి అడవులలో ఎలుకలు, అడవిపందులు, ముంగిసలు విస్తారం. ముంగిసల కథ వింతైనది. చెరకు తోటలలో ఎలుకల బాధ తొలగించడానికి 1883లో తోటల యజమానులు వీటిని తెచ్చి వదిలారు. ముంగిస పగలు తిరిగేది, ఎలుక ముఖ్యంగా రాత్రి తిరిగేది. ఎలుకలు తగ్గలేదు. ముంగిసలు మాత్రం పెరిగి, ఈ క్రిమిని మోసేవాటిలో తామూ చేరినాయి. వాన పడినప్పుడు కొండ మీది మలమూత్రాలన్నీ ఏటిలోకి కొట్టుకువస్తాయి. నీరు తేటగానే ఉంటుంది. కంటికి కనిపించని క్రిమి వల్ల నీటి రంగు మారదు గదా!

నీరు తాకిన రెండవ రోజు నుండి ముప్పయ్యవ రోజు లోపల ఎప్పుడైనా జ్వరం రావచ్చు. చలి, తలనొప్పి, పిక్కలలో, నడుములో తీవ్రమైన నొప్పి, ఎర్రని కళ్ళు, వాంతులు ముఖ్య లక్షణాలు. కొందరిలో జ్వరం తగ్గినట్లే తగ్గి మళ్ళీ వస్తుంది. అశ్రద్ధ చేస్తే కామెల, మూత్రపిండాల వైఫల్యం, ఊపిరితిత్తులలో రక్తస్రావం కలిగి ప్రాణం మీదికి రావచ్చు. తొలిదశలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి మందులతో సాధారణంగా నయమవుతుంది.

ఇది ఒక్క హవాయి సంగతి కాదు. 2000వ సంవత్సరంలో బోర్నియో ద్వీపంలోని సబా ప్రాంతంలో, వర్షారణ్యం గుండా ఒక సాహస పందెం జరిగినది. అందులో 304 మంది పాల్గొన్నారు. అందరూ దృఢకాయులే. తరువాత వైద్యులు వారిలో 189 మందిని విచారించగా, 80 మందికి ఈ వ్యాధి లక్షణాలు వచ్చినట్లు తేలినది. అక్కడి సెగామా నదిలో ఈదడం ముఖ్య కారణంగా కనిపించినది. మన తెలుగు కుటుంబాలెన్నో నివసించే అండమాన్ దీవులలో 1988 నుండి రక్తస్రావంతో కూడిన జ్వరాలు చెలరేగగా, వాటికి మూలం ఈ క్రిమియేనని తరువాత నిర్ధారణ అయినది. వరిమడిలో దిగే రైతు, మురుగు కాలువలో పనిచేసే కార్మికుడు, వరదనీటిలో నడిచే పట్టణవాసి, వీరందరికీ ఇదే ప్రమాదం కలదు.

శాస్త్రం ముందే చెప్పినది

తిరిగి వచ్చాక నేను సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని నలభై ఐదవ అధ్యాయం తెరిచాను. ద్రవపదార్థాల గుణాలను వివరించే అధ్యాయం అది. పురుగులు, మూత్రం, మలం, కళేబరాల కుళ్ళు చేత చెడినదీ, గడ్డీగాదం, ఆకులతో నిండినదీ అయిన నీటిలో మునిగినవాడు గాని, వర్షాకాలపు కొత్తనీరు త్రాగినవాడు గాని శరీరం వెలుపలా లోపలా శీఘ్రంగా రోగాల పాలవుతాడని అక్కడ స్పష్టంగా ఉన్నది. మూత్రం అన్నమాట ఉన్నది. మునగడం అన్నమాట ఉన్నది. త్రాగడం ఒక్కటే దోషమని ఆచార్యుడు అనలేదు.

ఈ అధ్యాయాన్ని నేను గోదావరి తీరంలోని గురుకులంలో పన్నెండేళ్ళ వయస్సులో కంఠస్థం చేశాను. గోదావరికి ఎర్రని కొత్తనీరు రాగానే మా గురువుగారు మమ్మల్ని రేవుకు వెళ్ళనిచ్చేవారు కారు. నూతినీరు కాచి స్నానం చేయించేవారు. ఈతకు పోనివ్వలేదని లోలోపల విసుక్కునేవాళ్ళము. గురువుగారు పాఠాన్ని ఆచరణలో చూపినా, నాకు పదాలే మిగిలాయి, భావం అందలేదు. ఓహూ ద్వీపంలోని ఆ పలక మీద ఉన్నదీ, సుశ్రుతుడు చెప్పినదీ ఒకటే. పరాయి భాషలో ఉన్నందువల్ల నేను దానిని లక్ష్యపెట్టలేదు.

వేగంగా పారే నీరు తేలికైనదనీ, నాచుపట్టి మెల్లగా కదిలే నీరు గురువైనదనీ శాస్త్రం చెప్పిన మాట నిజమే. కాని అది నీటి స్వభావానికి సంబంధించిన మాట, కలుషితం కాని నీటిని గురించిన మాట. ఏటికి పైన ఏమున్నదో తెలియకుండా కింద నీటిని మెచ్చుకోరాదు. అలాగే చిల్లగింజ అరగదీసి కలిపితే బురద పేరుకొని నీరు తేటపడుతుంది. ఇది మన ఇళ్ళలో అనాదిగా ఉన్న పద్ధతి. కాని తేటపడిన నీరు క్రిమిరహితమైనదని అర్థం కాదు. తేట చేసిన తరువాత కాచవలెను.

జలపాతాలకు వెళ్ళేవారు పాటించవలసినవి

1. కాళ్ళ మీద పుండు, పగుళ్ళు, గోరుచుట్టు, తామర ఉన్నవారు ఏటి నీటిలో దిగరాదు. దాటక తప్పనిచోట మూసుకొని ఉండే బూట్లు ధరించవలెను. ఇంటికి రాగానే శుభ్రమైన నీటితో, సబ్బుతో కాళ్ళు కడుక్కొని, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవలెను.

2. గాయం తగిలితే వెంట తెచ్చుకున్న మంచినీటితోనే కడగవలెను. పసుపు అద్దడం ఆ తరువాతి మాట. ధనుర్వాతం రాకుండా టీకా వేయించుకొని ఎంతకాలమైనదో వైద్యునికి చెప్పవలెను.

3. ఏటి నీరు త్రాగరాదు, పుక్కిలించరాదు, తల ముంచరాదు. కాచి చల్లార్చిన నీరు వెంట తీసుకొని వెళ్ళవలెను. నీరు తెర్లి బుడగలు లేచిన తరువాత కనీసం ఒక నిమిషం కాగవలెను.

4. కడుపు నిండా భోంచేసి ఎక్కరాదు. అటుకులు, వేయించిన శనగలు, అరటిపండు వంటి తేలిక ఆహారం చాలును. తడినేలల్లో పెరిగిన పచ్చి ఆకులను కడగకుండా నోట పెట్టుకోరాదు. హవాయిలో నత్తల ద్వారా మెదడు పొరలను బాధించే ఒక పురుగు కూడా ఇలా సంక్రమిస్తుంది.

5. జలపాతం కింద నిలబడరాదు. ఓహూ ద్వీపంలోనే ‘సేక్రెడ్ ఫాల్స్’ అనే మరొక జలపాతం వద్ద 1999 మే 9న కొండరాళ్ళు విరిగిపడి ఎనిమిది మంది మరణించారు. అప్పటి నుండి ఆ ప్రదేశాన్ని మూసివేశారు.

6. పైన వాన పడితే కింద ఎండగా ఉన్నా ఏరు పొంగవచ్చు. నీరు హఠాత్తుగా మట్టిరంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకువచ్చినా వెంటనే గట్టెక్కవలెను. నదిని చేతులతో ఈది దాటవద్దని వాగ్భటాచార్యులు దినచర్యలో ఊరకే చెప్పలేదు.

7. హెచ్చరిక పలకలను చదవవలెను. చదివిన తరువాత పాటించవలెను.

ఇంటికి వచ్చాక

ఎక్కి దిగిన కాళ్ళ నొప్పులకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసి, అరగంట తరువాత వేడినీటి స్నానం చేస్తే హాయిగా ఉంటుంది. గాయం ఉన్నచోట మర్దన వద్దు. వానలో తడిసి జ్వరం లేకుండా ముక్కు కారుతుంటే సొంఠి, మిరియాలు, తులసి వేసి కాచిన కషాయం రోజుకు రెండుసార్లు త్రాగవచ్చు.

కాని ఏటిలోగాని, వరదనీటిలోగాని దిగిన నెల రోజుల లోపల జ్వరం వస్తే కషాయంతో కాలయాపన చేయవద్దు. ఆనాడే ఆసుపత్రికి వెళ్ళి, వైద్యుడు అడిగినా అడగకపోయినా, “ఫలానా రోజున ఫలానా నీటిలో దిగాను” అని మొదటే చెప్పండి. డెంగీ వంటి ఇతర జ్వరాలు కూడా ఇలాగే మొదలవుతాయి గనుక సొంతంగా నొప్పి మాత్రలు మింగవద్దు. పథ్యం, విశ్రాంతి, కోలుకున్న తరువాత బలం చేకూర్చడం ఇవన్నీ మన శాస్త్రం చక్కగా చేయగలిగిన పనులు. ప్రాణాపాయ సమయంలో ఏ చికిత్స ముందు కావలెనో తెలుసుకోవడం కూడా వైద్యంలో భాగమే.

మళ్ళీ వెళితే ఆ జలపాతానికి తప్పకుండా వెళతాను. ఆ చల్లని గాలి, ఆ పచ్చదనం, ఆ నీటి ధ్వని కంటికీ మనస్సుకూ ఔషధమే. అందుకు నీటిలో దిగనవసరం లేదు. తలకోనకు వెళ్ళినా, అండమాన్‌కు వెళ్ళినా పాఠకులు కూడా గట్టు మీద నిలబడి కన్నులారా చూసి, క్షేమంగా ఇంటికి తిరిగి వచ్చి, ఇంటి నీటితో స్నానం చేయవలెనని నా కోరిక.